మళ్లీ పచ్చిక కొనకండి, ముందు కింద ఉన్న మట్టి సంగతి చూడండి: మా కాలనీ సంక్షేమ సంఘం కార్యవర్గానికి బహిరంగ లేఖ

అధ్యక్షులు గారికి, కార్యదర్శి గారికి, కోశాధికారి గారికి, కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం.

మీరంతా జీతం లేకుండా పనిచేస్తున్నారు, వీధి దీపాలు వెలుగుతున్నాయి, చెత్త బండి వేళకి వస్తోంది, దానికి థ్యాంక్స్. పార్కు గురించి మాత్రం గత జూలై నుంచి మీకు నాలుగు లేఖలు ఇచ్చాను, రెండు ఆఫీసులో చేతికిచ్చాను, రెండు వాట్సాప్‌లో పెట్టాను, బ్లూ టిక్కులు పడ్డాయి గానీ జవాబు పడలేదు. మొన్న ఆదివారం నోటీసు బోర్డు మీద పార్కులో కొత్త లాన్ కార్పెట్ పరచడానికి కొటేషన్ ఆమోదించినట్టు చూశాను. రూ.4.3 లక్షలు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను. మధురవాడ వైపు ఇంకా చాలా కాలనీల్లో ఇదే కథ నడుస్తోంది కాబట్టి వాళ్లకీ పనికొస్తుందేమో.

నేను ఇరవై రెండేళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. తోటపనిలో పెద్ద పండితురాలినేం కాదు. కానీ కలుపు మొక్కకీ పచ్చికకీ తేడా తెలుసు, రెండుసార్లు చచ్చిపోయిన పచ్చిక మూడోసారి ఎందుకు చస్తుందో కూడా తెలుసు.

ముందు జరిగింది చెప్తాను, ఎందుకంటే కార్యవర్గంలో ఇప్పుడున్న వాళ్లలో సగం మంది 2018 తర్వాత వచ్చినవాళ్లే. మన పార్కు అరెకరం, అంటే దాదాపు 2,000 చదరపు మీటర్లు. లేఅవుట్ వేసినప్పుడు కొండవాలుని చదును చేయడానికి ఇళ్లు కట్టగా మిగిలిన సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, కంకర పోసి, పైన జానెడు ఎర్రమట్టి పరిచారు. అప్పట్లో చుట్టూ పెద్ద చెట్లుండేవి కాబట్టి ఆ లోపం కనిపించలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. నగరంలో అందరికీ ఏం పోయిందో మీకు తెలుసు, మన పార్కులో పడమటి వైపు వరస మొత్తం వేళ్లతో సహా ఒరిగిపోయింది, తూర్పున నాలుగు కానుగలు మాత్రం మిగిలాయి. ఆ వేళ్లు లేచిపోయిన గుంతల్లో మొదటిసారి అందరం చూశాం, కింద మట్టే లేదని. గుంతలు పూడ్చడానికి పక్క అపార్ట్‌మెంట్ సెల్లారు తవ్విన మట్టి ఉచితంగా వస్తోందని పద్దెనిమిది ట్రాక్టర్లు దించారు. ఆ మట్టితో పాటే తుంగ వచ్చింది.

2016లో పచ్చిక రోల్స్ తెప్పించి పరిచారు. రెండు వేసవులు కూడా నిలవలేదు. 2021లో మళ్లీ, ఈసారి కడియం నుంచి లారీలో. ఫోటోలు బాగా వచ్చాయి, ప్రారంభోత్సవానికి రిబ్బన్ కూడా కట్టారు. ఏడాదిన్నర తిరిగేసరికి తుంగా వయ్యారిభామా పోటీపడి లేచాయి. కడియం వాళ్ల తప్పేం లేదు, వాళ్లు ఇచ్చిన గడ్డి మంచిదే. పైన పటారం లోన లొటారం అన్నట్టు, మంచి గడ్డిని తీసుకొచ్చి కంకర మీద పరిచింది మనం.

ఇప్పుడు ఆ పార్కు ఎలా ఉందో లోపలికి అడుగుపెట్టని వాళ్ల కోసం రాస్తున్నాను. గేటు నుంచి ఊయల దాకా నడుము ఎత్తు వయ్యారిభామ. ఊయల చుట్టూ తుంగ. నడక దారి అంచుల్లో పల్లేరు. వెనక గోడ వెంట ఉత్తరేణి, కుప్పింటాకు, అత్తిపత్తి. అక్కడక్కడా, మీరు వంగి చూస్తేనే కనిపించేలా, బతికున్న గరిక. ఈ గరిక సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

దీనివల్ల ఎవరికేం అవుతోందో వరసగా చెప్తాను.

1. చర్మం, ఊపిరి. వయ్యారిభామ అందమైన పేరు, పని మాత్రం అందమైనది కాదు. అమెరికా ఖండపు మొక్క ఇది. మన దేశంలో 1955 ప్రాంతంలో పుణెలో మొదట గుర్తించారు, దిగుమతి గోధుమల్లో కలిసి వచ్చిందంటారు, కాంగ్రెస్ గడ్డి అని ఇంకో పేరు కూడా అందుకే వచ్చిందని చెప్పుకుంటారు. దానిలో ఉండే పార్థెనిన్ అనే పదార్థం తగిలితే కొందరికి చర్మం మీద దద్దుర్లు, దురద వస్తాయి, పుప్పొడి పీలిస్తే తుమ్ములు, ఉబ్బసం. మా అత్తగారికి 78 ఏళ్లు. రోజూ సాయంత్రం బెంచీ మీద కూర్చునేవారు. సెప్టెంబర్‌లో మోచేతుల నుంచి మెడ దాకా పొక్కులు లేచాయి, డాక్టరు మొదట అడిగిన ప్రశ్న “ఇంటి దగ్గర ఖాళీ జాగా ఉందా అమ్మా” అని. ఇప్పుడావిడ బాల్కనీ దాటడం లేదు.

మా అత్తగారికి కనీసం మందు కొనిచ్చేవాళ్లున్నారు. గడ్డి పీకడానికి వచ్చే కూలి మనిషి చేతులు ఎవరైనా చూశారా? మోచేతి దాకా నల్లగా, ఏనుగు చర్మంలా మందంగా అయిపోయాయి. గ్లౌజులు ఇవ్వలేదా అంటే నవ్వింది.

2. పిల్లలు. పల్లేరు కాయ అరికాల్లో దిగితే ఎలా ఉంటుందో పల్లెటూళ్లో పెరిగిన ప్రతి ఒక్కరికీ తెలుసు. పిల్లలు పార్కు మానేసి రోడ్డు మీద క్రికెట్ ఆడుతున్నారు, అదీ మూడో వీధి దిగుడు మీద, వాటర్ ట్యాంకర్లు దిగే చోట. డిసెంబర్‌లో ఒక అబ్బాయి సైకిల్ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పార్కుకీ దానికీ సంబంధం లేదని ఒక సభ్యుడు గారు గ్రూపులో రాశారు. పార్కు ఉంటే ఆ అబ్బాయి ఆ టైముకి అక్కడ ఉండేవాడు కాదు, సంబంధం అదే.

3. పాములు. కంబాలకొండ మనకి ఎంత దూరం? అడవి పక్కన ఇళ్లు కట్టుకున్నాం కాబట్టి పాములు వస్తాయి, తప్పు వాటిది కాదు. కానీ నడుమెత్తు గడ్డి, దానిలో ఎలుకలు, ఎలుకల కోసం పాములు, మధ్యలో రాత్రి తొమ్మిదింటికి టార్చి లేకుండా అడ్డదారిన వెళ్లే వాచ్‌మన్ కుటుంబాలు. వాళ్ల పాకలు వెనక గోడ పక్కనే ఉన్నాయని గుర్తు చేస్తున్నాను.

4. దోమలు. గడ్డిలో దోమలు పుట్టవు, నీళ్లలో పుడతాయి, ఆ మాట నిజమే. కానీ గడ్డిలో కనపడకుండా పడి ఉన్న కొబ్బరి బొండాలు, ప్లాస్టిక్ గ్లాసులు, పెళ్లిళ్లకి పారేసిన కప్పుల్లో వాన నీరు నిలిస్తే వారం పది రోజుల్లో గుడ్డు నుంచి దోమ తయారు. మా వీధిలో పోయినేడు ఐదిళ్లలో డెంగీ.

5. నడక. షుగరున్న వాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు మెత్తటి నేల మీద నడవాలంటే బీచ్ రోడ్డు దాకా ఆటో కట్టించుకుని వెళ్లాలి. నెలకి ఎంతవుతుందో మీరే లెక్కేయండి. వెళ్లలేనివాళ్లు ఇంట్లోనే ఉండిపోతున్నారు.

ఇంతవరకూ మీరు కూడా ఒప్పుకుంటారని నమ్మకం. తేడా ఎక్కడంటే, దీనికి మందు కొత్త కార్పెట్ అని మీరంటున్నారు. కాదని నేనంటున్నాను. ఎందుకో కాస్త ఓపిగ్గా చదవండి, ఇక్కడే అసలు విషయం ఉంది.

తుంగ కాడని వేళ్ల మధ్య తిప్పి చూడండి, మూడు పలకలుగా తగులుతుంది. గడ్డి జాతి కాడ గుండ్రంగానో బల్లపరుపుగానో ఉంటుంది. అంటే తుంగ అసలు గడ్డే కాదు. దాని బలమంతా నేల కింద ఉంది. గోలీ కంటే చిన్న గడ్డలు, ఒకదాని నుంచి సన్నటి తీగ బయల్దేరి ఇంకో గడ్డ, దాన్నుంచి ఇంకోటి, జపమాల పూసల్లాగా. ఆయుర్వేదం షాపులో తుంగముస్తలని అమ్మేవి ఇవే. పైన లాగితే ఆకు తెగి చేతిలోకి వస్తుంది, గడ్డ కిందే ఉండి వారంలో మళ్లీ మొలక పంపుతుంది. దాని మీద మీరు ఎంత ఖరీదైన కార్పెట్ పరిచినా, సూదిలాంటి ఆ మొలక పొడుచుకుని పైకి వస్తుంది. ప్లాస్టిక్ షీటునే పొడుచుకుని వచ్చే మొక్క అది, పచ్చిక ఒక లెక్కా. 2016లోనూ 2021లోనూ జరిగింది సరిగ్గా ఇదే. పాత నేలని గునపంతో గీకి, పైన ఇసుక చల్లి, రోల్ పరిచేశారు. కింద గడ్డలు చెక్కుచెదరలేదు.

వయ్యారిభామది వేరే పద్ధతి. దానికి గడ్డలు లేవు, విత్తనాలే ఆస్తి. ఒక్క మొక్క 10,000 నుంచి 25,000 దాకా విత్తనాలు రాలుస్తుంది. మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాల్లో పూతకొస్తుంది. మనం ఏం చేస్తున్నాం? కాంట్రాక్టరు రెండు నెలలకోసారి మిషన్ తెచ్చి కోయిస్తున్నాడు. ఆరు వారాల్లో పూసే మొక్కని ఎనిమిది వారాలకోసారి కోస్తే ఏమవుతుంది? విత్తనాలు పండాక మిషన్ వాటిని పార్కు నలుమూలలా చల్లుతుంది. మనం డబ్బులిచ్చి విత్తనాలు చల్లిస్తున్నామండీ. పైగా ఆ మిషన్ నేలకి ఆనించి కొడుతుంది కాబట్టి మధ్యలో బతికున్న గరిక గీరుకుపోయి ఖాళీ మట్టి తేలుతుంది, ఆ ఖాళీలోనే కొత్త వయ్యారిభామ మొలుస్తుంది.

మొన్న పని మధ్యలో కూలి మనిషితో మాట్లాడాను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చింది. “పైన కోసేత్తే ఏటవుద్దమ్మా, కింద గెడ్డలు అలాగే ఉంటే మళ్లీ లేత్తాది, మా ఊళ్లో గాబు ఇలా తీత్తే మా అత్త కొట్టీసును” అంది. గాబంటే కలుపు. మీ నాలుగు లక్షల కొటేషన్ తయారుచేసినవాళ్లకి తెలియని విషయం ఆవిడకి తెలుసు.

మందు సంగతి కూడా చెప్పాలి. పోయిన ఆగస్టులో కాంట్రాక్టరు మనిషి ఒకాయన వీపుకి పంపు తగిలించుకుని పార్కంతా పిచికారీ చేశాడు. డబ్బా మీద గ్లైఫోసేట్ అని నేనే చదివాను. అది కలుపుకీ పచ్చికకీ తేడా చూడదు, ఆకుపచ్చగా కనిపించిన ప్రతిదాన్నీ చంపుతుంది. మిగిలిన గరికలో సగం ఆ దెబ్బకే పోయింది, తుంగ మాత్రం మూడు వారాల్లో తిరిగొచ్చింది. గేటుకి తాళం లేదు, బోర్డు లేదు, సాయంత్రం పిల్లలు ఆ తడి గడ్డిలోనే ఆడారు. 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం గ్లైఫోసేట్‌ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప ఇంకెవరూ వాడకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. మన కాంట్రాక్టరు దగ్గర ఆ లైసెన్సు ఉందా అని రెండో లేఖలో అడిగాను. ఇంకా అడుగుతున్నాను.

ఉప్పు నీళ్లు కొడితే వయ్యారిభామ చస్తుందని గ్రూపులో ఒకరు పెట్టారు. నిజమే, లీటరుకి 200 గ్రాముల ఉప్పు కలిపి కొట్టమని ఖాళీ స్థలాలకీ రోడ్డు పక్కలకీ చెప్తారు. పచ్చిక పెంచాలనుకునే చోట అది చేస్తే తర్వాత ఆ మట్టిలో ఇంకేదీ సరిగ్గా పెరగదు. దయచేసి ఎవరూ ఉత్సాహపడకండి. అలాగే వయ్యారిభామ ఆకుల మీద లేత పసుపు రెక్కల మీద గోధుమ చారలున్న చిన్న పురుగులు కనిపిస్తే పురుగుల మందు కొట్టించకండి, అవి మన మనుషులే. ఈ మొక్కని తినడం కోసమే మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలిన పురుగు జాతి అది. వానాకాలంలో ఆకులన్నీ జల్లెడ చేస్తుంది. దానొక్కదాని వల్లే పని అయిపోదు గానీ ఉచితంగా చేసే సాయాన్ని ఎందుకు చంపుకోవడం.

ఇంక నీళ్లు. కార్పెట్ గడ్డి పచ్చగా ఉండాలంటే వారానికి 25 మిల్లీమీటర్ల నీరు కావాలి, వాన రూపంలోనో పైపు రూపంలోనో. చదరపు మీటరుకి 25 లీటర్లు, మన 2,000 చదరపు మీటర్లకి 50,000 లీటర్లు. వారానికి ఐదు పెద్ద ట్యాంకర్లు! ఏప్రిల్, మే నెలల్లో మనకి తాగడానికే రోజు విడిచి రోజు నీళ్లొస్తాయి. మేఘాద్రిగెడ్డ, తాటిపూడి జలాశయాల మట్టాలు ఎంతకి దిగాయో పేపర్లో చదివి టెన్షన్ పడే ఊళ్లో పచ్చికకి ట్యాంకర్లు పోస్తామంటే అడిగేవాళ్లు ఉండరా? పోయకపోతే చస్తుంది. చచ్చిందే కదా రెండుసార్లు.

ఇప్పుడు గరిక దగ్గరికి వస్తున్నాను. ఇన్నేళ్లు ఎవరూ నీళ్లు పోయలేదు, ఎరువు వేయలేదు, మిషన్‌తో గీకారు, మందు కొట్టారు, అయినా బతికే ఉంది. వేసవిలో గోధుమరంగుకి తిరిగి చచ్చినట్టు పడుకుంటుంది, రెండు వానలు పడగానే కణుపు కణుపుకీ వేరు దించి పాకుతుంది. క్రికెట్ గ్రౌండ్లలో, గోల్ఫ్ మైదానాల్లో బెర్ముడా గ్రాస్ అని గొప్పగా చెప్పుకునేది ఈ జాతినే. వినాయక చవితికి పూర్ణా మార్కెట్లో చిన్న కట్ట కొనుక్కొచ్చి గణపతి మీద పెట్టేదీ ఇదే. దానికి కావలసినవి రెండే, నిండు ఎండ, వేరు దిగడానికి గుల్ల మట్టి. ఎండ మనకి కావలసినంత ఉంది, చెట్లు పోయాక ఇంకా ఎక్కువే. మట్టి ఒక్కటీ లేదు.

కాబట్టి మేం అడుగుతున్నవి ఇవి. మేం అంటే నేనొక్కదాన్నే కాదు, 64 ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టారు, ఆ కాగితాలు నాలుగో లేఖతో పాటు మీ దగ్గరే ఉన్నాయి.

1. కార్పెట్ కొటేషన్‌ని ఆపండి. అడ్వాన్సు ఇవ్వకపోతే ఇవ్వకండి, ఇచ్చేసి ఉంటే ఎంతిచ్చారో బోర్డు మీద పెట్టండి.

2. ఈ మార్చిలోనే తవ్వకం మొదలుపెట్టించండి. ఆలస్యం చేస్తే ఈ ఏడాది పోయినట్టే, ఎందుకంటే మొత్తం పథకం మే ఎండ మీదా జూన్ వాన మీదా నడుస్తుంది. ముందు ఒక తడి ఇవ్వాలి, పది పదిహేను రోజుల్లో తుంగ మొలకలన్నీ పైకొచ్చి గడ్డలు ఎక్కడున్నాయో అవే చూపిస్తాయి. అప్పుడు పలుగుతో జానెడు లోతు తిరగేసి గడ్డలు ఏరాలి. ఏరినవి మూలన కుప్ప పోయకూడదు, బస్తాల్లో కట్టి బయటికి పంపాలి. ఇలా మూడు వారాల ఎడంతో రెండుసార్లు చేయాలి. ఒక్కసారితో అయిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. తవ్వేటప్పుడు తేలిన సిమెంటు పెళ్లలు, కంకర కూడా అప్పుడే బయటికి. రెండో తవ్వకం అయ్యాక నేలని మేలో అలాగే ఎండకి వదిలేయాలి, మిగిలిన గడ్డల్లో పైకి తేలినవి ఎండి చస్తాయి.

ఖర్చు కూడా లెక్క వేశాను. ఆరుగురు మనుషులు, రెండు విడతలూ కలిపి ఇరవై రోజులు, మనిషికి రోజుకి 700 చొప్పున రూ.84,000. పశువుల ఎరువు, చెత్త ఎత్తే ట్రాక్టర్లు, మంచి ఎర్రమట్టి కలుపుకున్నా మీ కొటేషన్‌లో సగం దాటదు.

3. మట్టి తెప్పిస్తే ఎక్కడి నుంచి వస్తోందో ముందు ఒకరు వెళ్లి చూసి రావాలి. ఉచితం అని మళ్లీ సెల్లారు మట్టి దించితే పద్దెనిమిది ట్రాక్టర్ల కథ మొదటికొస్తుంది. వెళ్లేవాళ్లు లేకపోతే నేను వెళ్తాను.

4. వయ్యారిభామని పూత రాకముందే, వాన పడి నేల తడిగా ఉన్నప్పుడు, వేరుతో సహా పీకించాలి. పూత రాని మొక్కలు కంపోస్టుకి కూడా పనికొస్తాయి. పీకేవాళ్లకి గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా, ముక్కుకి గుడ్డ సంఘం డబ్బుతో ఇవ్వాలి. ఇందులో బేరం లేదు.

5. జూన్ మధ్యలో వానలు పట్టగానే గరిక నాటించండి. కొనక్కర్లేదు, మన పార్కులో ఉన్నదే ముందు ఒక మూల మడి కట్టి పెంచితే కాడలు సరిపోతాయి. కాడల్ని ముక్కలుగా కోసి 8-10 సెంటీమీటర్ల ఎడంతో నాటొచ్చు, లేదా ముక్కల్ని పేడ, మట్టి కలిపిన జారులో కలిపి అంగుళం మందాన పరిచినా అల్లుకుంటుంది. రెండో పద్ధతి పాతకాలపు తోటమాలులందరికీ తెలుసు, వాసన మూడు రోజులు ఉంటుంది, ముందే చెప్తున్నాను.

6. కానుగల కింద పచ్చిక పరచాలనే ఆశ వదిలేయండి. ఆ నీడలో గరిక రాదు, వచ్చినా నిలవదు. రాలిన ఆకుని అక్కడే పరిచి, బెంచీలు అక్కడికి మార్చండి. పెద్దవాళ్లకి నీడ, పిల్లలకి ఎండలో పచ్చిక.

7. కోత పద్ధతి మార్చండి. గరిక ఎదిగాక వానాకాలంలో వారానికో పది రోజులకో ఒకసారి, ఎత్తులో మూడో వంతుకి మించకుండా కోయాలి, నేల నుంచి మూడు నాలుగు సెంటీమీటర్లు వదలాలి. ఒత్తుగా ఉన్న గరికే కలుపుకి చోటివ్వదు. రెండు నెలలకోసారి గుండు గీసే కాంట్రాక్టు రద్దు చేసి, అదే డబ్బుతో వారానికి రెండు రోజులు వచ్చే మనిషిని పెట్టుకోండి. ఆ శ్రీకాకుళం ఆవిడ వస్తానంటోంది.

8. పార్కులో ఏ మందు కొట్టాలన్నా మూడు రోజుల ముందు బోర్డు, కొట్టినవాళ్ల లైసెన్సు నంబరు, గేటుకి తాళం.

9. ఇది రాస్తే కొంతమందికి కోపం వస్తుందని తెలుసు. వినాయక చవితి పందిరి పచ్చిక మీద వద్దు. తొమ్మిది రోజులు తార్పాలిన్ కింద, కుర్చీల కింద నలిగితే ఏ గడ్డీ బతకదు, పైగా సర్వీ కర్రల కోసం తవ్విన గుంతలు ఎవరూ పూడ్చరు. ఆఫీసు ముందు సిమెంటు నేల ఉంది, కిందటేడాది వాన పడినప్పుడు చివరికి అక్కడికే మార్చాం కదా. విఘ్నేశ్వరుడికి గరిక ఇష్టమంటారు, దాన్ని తొక్కి ఆయన పందిరి వేయడం ఎందుకు.

మీరు అనబోయే మాట ఒకటి నాకు ముందే వినపడుతోంది. “ఇంత గొడవెందుకు మేడమ్, పేవర్ టైల్స్ వేసేస్తే కలుపే ఉండదు.” ఉంటుంది. టైల్స్ సందుల్లోంచి తుంగ రావడం బస్ షెల్టర్ దగ్గర రోజూ చూస్తున్నాం. పైగా మనది వాలు. ఈ అరెకరం మట్టి తాగుతున్న వాన నీరంతా టైల్స్ మీద నుంచి జారి ఐదో వీధి సెల్లార్లలోకి దిగుతుంది, అక్కడ ఇప్పటికే ప్రతి అక్టోబర్‌లో బైకులు తాళ్లు కట్టి పైకి లాగుతున్నారు. మే నెల సాయంత్రం టైల్స్ మీద చెప్పుల్లేకుండా నిలబడి చూసి, ఆ తర్వాత తీర్మానం చేయండి.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. నేను చెప్పిన పద్ధతిలో మార్చి నుంచి జూన్ దాకా పార్కు ఇప్పటికంటే ఘోరంగా కనిపిస్తుంది. తవ్విన మట్టి, దుమ్ము, బస్తాలు. మీ మీద ఫిర్యాదులు వస్తాయి. కార్పెట్ అయితే మూడు రోజుల్లో పచ్చగా అయిపోతుంది, ఫోటో పెట్టుకోవచ్చు, సంఘం ఎన్నికలు జూలైలో ఉన్నాయని కూడా తెలుసు. ఆ ఫిర్యాదులకి జవాబు చెప్పే పని నాకు అప్పగించండి, గ్రూపులో నేను చెప్తాను, తిట్లు నేను తింటాను. మీరు తీర్మానం మాత్రం మార్చండి.

ఉగాది లోపు ఈ తొమ్మిదింటిలో ఏది ఒప్పుకుంటున్నారు, ఏది కాదంటున్నారు, ఎందుకు కాదంటున్నారు అన్నది కాగితం మీద రాసి నోటీసు బోర్డులో పెట్టండి. నోటి మాట వద్దు. పెట్టకపోతే సంఘం నియమావళి ప్రకారం సంతకాలతో ప్రత్యేక సర్వసభ్య సమావేశం పిలవమని అడుగుతాం, కావలసినన్ని సంతకాలు ఇప్పటికే ఉన్నాయి.

ఇది చదువుతున్న కాలనీవాళ్లకి ఒక మాట. మీ ఇళ్లలో పాత సిమెంటు బస్తాలు, బియ్యం సంచులు ఉంటే పారేయకండి, తుంగ గడ్డలు కట్టడానికి కనీసం రెండు వందలు కావాలి. రెండో వీధి మూలన మా గేటు లోపల పెట్టేసి వెళ్లండి, కుక్క అరుస్తుంది గానీ కరవదు.

ఇట్లు,
రెండో వీధి నివాసి, రిటైర్డ్ జీవశాస్త్రం టీచరు,
విశాఖపట్నం